అంకె కనబడితే సంఖ్య కాదు!

“కంప్యూటరు చెప్పింది గదా, తప్పెలా అవుతుంది?” అని వాదించేవారు మనలో చాలామందే ఉన్నారు. వారొక చిన్న పరీక్ష చెయ్యాలి. జావాస్క్రిప్టులో 7నీ, 2నీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి కూడమనండి. 72 అంటుంది! తీసివెయ్యమంటే మాత్రం బుద్ధిగా 5 అంటుంది.

ఇందులో మాయేమీ లేదు. మనం మీట నొక్కి ఇచ్చే 7 యంత్రానికి సంఖ్య కాదు, ఒక అక్షరం. ఆస్కీ పట్టికలో ఆ అక్షరం నంబరు 55, సున్నది 48. 55లోంచి 48 తీసేస్తేనే అసలు ఏడు వస్తుంది. అంకెలు ఎక్కువుంటే, అంతవరకు వచ్చినదాన్ని పదితో హెచ్చించి తర్వాతి అంకె కలుపుకుంటూ పోవాలి. మనం చిన్నప్పుడు నేర్చిన ఒకట్లు, పదుల లెక్కే!

ఈ మార్పిడి ఎవరు చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. జావాస్క్రిప్టు అడక్కుండానే చేసేస్తుంది. ఖాళీ గడిని నంబరుగా మార్చమంటే సున్న అంటుంది. “1,00,000”ని పార్స్‌ఇంట్‌కి ఇస్తే మొదటి కామా దగ్గరే ఆగిపోయి 1 అంటుంది. లక్ష రూపాయలు కాస్తా ఒక్క రూపాయి! పైథాన్ అలా కాదు. అక్షరాన్నీ సంఖ్యనీ కలపమంటే తప్పు చూపించి ఆగిపోతుంది. ఖాళీని సంఖ్యగా ఒప్పుకోదు. (౧౨ అని తెలుగు అంకెల్లో రాస్తే మాత్రం చక్కగా 12 అని చదువుతుంది!)

“పైథాన్‌ది వట్టి చాదస్తం” అనే మిత్రులతో నేను ఏకీభవించను. మార్కుల జాబితాలో ఖాళీ గడి సున్నగా మారితే ఏమవుతుంది? పరీక్ష రాయనివాడూ, రాసి సున్న తెచ్చుకున్నవాడూ ఒకటే అవుతారు. క్లాసు సగటు పడిపోతుంది. పైగా ఎవరికీ అనుమానం కూడా రాదు. ఆగిపోయిన ప్రోగ్రామును సరిచేసుకోవచ్చు. నిశ్శబ్దంగా వచ్చిన తప్పు జవాబును పట్టుకునేదెవరు?

ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తూ ఉంటే, చివరకు 2020లో శాస్త్రజ్ఞులే ఆ పేర్లు మార్చుకోవలసి వచ్చింది. యంత్రం ఊహకు మనిషి తలవంచాడన్నమాట!

కనుక, విద్యార్థి మిత్రులారా! కూడికలకు పనికిరాని రోల్ నంబరును, ఫోన్ నంబరును అక్షరాలుగానే ఉండనివ్వండి. మార్చారో, ముందున్న సున్నలు ఎగిరిపోతాయి. లెక్కకు కావలసినదాన్ని మీరే చూసి, మీరే మార్చండి. మారనిదాన్ని సున్న చెయ్యకండి, “ఇది సంఖ్య కాదు” అని చెప్పించండి. రేపు మనం రాసే ప్రోగ్రాములో ఆ గడి ఎవరి స్కాలర్‌షిప్పో, ఎవరి పింఛనో కావచ్చు.