బురద ఎత్తే చేతులకు శిక్షణ ఏది?

వరద వచ్చిన మొదటి రెండు రోజులు దేశమంతా ఆ ఊరివైపే చూస్తుంది. పడవలు వస్తాయి, హెలికాప్టర్లు ఆహారపు పొట్లాలు జారవిడుస్తాయి, నాయకులు మోకాలిలోతు నీళ్లలో నడుస్తారు. మూడవనాటికి నీరు తీస్తుంది. అప్పుడు మిగిలేది బురద, కుళ్ళిన ధాన్యం, చచ్చిన పశువులు, వీధినపడిన మురుగు, కూలిన గోడలు, విరిగిన రేకులు. ఈ మూడవనాటి పనికి వచ్చే మనిషిని గురించి పత్రికలు రెండు పంక్తులు వ్రాసి ఊరుకుంటాయి. అతని చేతికి పార, తట్ట, బ్లీచింగు పొడి బస్తా ఇచ్చి పంపడమే మనకు తెలిసిన ఏర్పాటు. ఆ పనిలో ఏ ప్రమాదం ఏ వైపునుండి రాగలదో అతనికి ముందుగా చెప్పవలసినవారెవరన్న ప్రశ్న మన మధ్య ఇంకా గట్టిగా లేవలేదు. ఆ ప్రశ్ననే మేము విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

తెలుగునాట ఈ అనుభవానికి కొదువ లేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలాదిమందిని పొట్టన బెట్టుకున్నది. ఆ శవాలను, వాటితోపాటు పశువుల కళేబరాలను ఎత్తి పూడ్చడానికి ఎక్కడెక్కడినుండో మనుషులు తరలివెళ్లారు. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు పాతనగరాన్ని ముంచినప్పుడు నీరు పోయినా బురద పోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో నానినది. అప్పుడు ఇతర పట్టణాల పారిశుద్ధ్య కార్మికులను రప్పించి వీధులు ఊడ్పించారు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు. అది మంచి ఏర్పాటేనని మేమూ అంగీకరిస్తాము. అయితే పరాయి పట్టణంనుండి వచ్చిన కార్మికునికి ఆ వీధిలో మూత లేని మ్యాన్‌హోలు ఎక్కడున్నదో తెలియదు. నీళ్లలో మునిగిన ఏ మీటరు పెట్టెకు ఇంకా కరెంటు ఉన్నదో తెలియదు. తెలిసినవారు ఎవరో ఒకరు, పని మొదలయ్యేముందు, నోరు తెరిచి చెప్పాలి.

ప్రమాదమనగానే మనకు స్ఫురించేది పాము, కరెంటు. వీటికి అందరూ భయపడతారు గనుక కొంత జాగ్రత్త దానంతటదే వస్తుంది. మాకు ఎక్కువ ఆందోళన కలిగించేవి కంటికి కనబడని ప్రమాదాలు. ఎలుకల మూత్రంద్వారా వరదనీటిలో చేరే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉన్నది. నీళ్లలో నాని మెత్తబడిన చర్మం, కాలిమీద చిన్న గీత, అంతమాత్రం దారి దానికి చాలు. మొదట మామూలు జ్వరమే అనిపిస్తుంది. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడతాయి, ప్రాణమూ పోవచ్చును. 2018 ఆగస్టు వరదల తరువాత కేరళలో ఇది ప్రబలింది. నీళ్లలో దిగేవారు, ఇళ్లు శుభ్రం చేసేవారు వారానికొకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వేసుకోవాలని అక్కడి ఆరోగ్యశాఖ ఊరూరా చాటించింది. వైద్యుని సలహాతో వేసుకోవలసిన ఈ మందు ఖరీదు బహు స్వల్పం. మోకాలివరకు వచ్చే రబ్బరు బూట్లకు దానికంటె ఎక్కువ ఖర్చవుతుంది. ఈ రెండూ ఇచ్చి, ఎందుకిస్తున్నామో చెప్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంటనే మేము శిక్షణ అంటున్నాము.

శవాల విషయంలో మన భయం తప్పుదారిన పడినది. ప్రకృతి వైపరీత్యంలో మరణించినవారి దేహాలవల్ల ఊరికంతటికీ అంటురోగాలు వ్యాపిస్తాయన్న నమ్మకానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ, రెడ్‌క్రాసు వంటి సంస్థలు చాలాకాలంగా చెబుతున్నాయి. నీట మునిగినవాడు, గోడకింద నలిగినవాడు రోగంతో చనిపోయినవాడు కాడు గదా! ఆ తప్పు భయంతోనే గుర్తింపు లేకుండా, పేరు వ్రాయకుండా దేహాలను గుంపుగా పూడ్చివేయడం జరుగుతుంది. అయినవారికి ఆఖరి చూపు దక్కదు, వారి వారి మతాచారం ప్రకారం అంతిమ సంస్కారమూ జరగదు. దేహాన్ని స్వయంగా ఎత్తేవారికి మాత్రం కొంత ప్రమాదం ఉన్నది. రక్తంద్వారా వచ్చే కామెర్లు, క్షయ, విరేచనాల వంటివి వారికి సోకవచ్చును. చేతితొడుగులు, బూట్లు, సబ్బుతో చేతులు కడుగుకొనడం, ముందుగా హెపటైటిస్-బి టీకా, ఇవే వారికి రక్ష. దేహంపై సున్నం, బ్లీచింగు చల్లడంవల్ల ఆ ఎత్తేవారికి ఒరిగేదేమీ లేదు. మనం మాత్రం సున్నం కోసం లారీలు పంపుతాము, చేతితొడుగుల సంగతి మరచిపోతాము.

బ్లీచింగు పొడి మాట వచ్చినది గనుక మరొక సంగతి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను, బ్లీచింగు పొడిని కలిపితే రెట్టింపు శుభ్రమవుతుందని నమ్మేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. అవి కలిసినప్పుడు క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర వద్ద సైనికులపై వదలిన విషవాయువు అదే. తలుపులు మూసిన ఇరుకు గదిలో ఈ కలగలుపు చేసిన మనిషి ఊపిరితిత్తులకు ఏమి జరుగుతుందో రసాయనశాస్త్ర విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. వారు చెప్పవలసింది మాత్రం చాలా ఉన్నది.

పూర్వం మన పల్లెలలో పూడిక తీయడానికి పాతబావిలో దిగేముందు దీపం దించి చూసేవారు. దీపం ఆరితే ఎవరూ దిగేవారు కారు. అక్షరం రాని పెద్దలు తమ పిల్లలకిచ్చిన భద్రతా శిక్షణ అది. దానిని మేము గౌరవిస్తాము. అయితే ఆ దీపం ప్రాణవాయువు లేదని మాత్రమే చెప్పగలదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడును అది పట్టియ్యదు. మీథేను ఉంటే ఆ మంటే అంటుకొని పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడుకు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన ఉంటుందని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాము. గాఢత పెరిగేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుందన్న సంగతి ఎందరికి తెలుసు? వాసన పోయినది గనుక గాలి బాగుపడినదనుకొని దిగినవాడు లోపల పడిపోతాడు. అతనిని లాగడానికి తమ్ముడు దిగుతాడు, తమ్మునికోసం పొరుగువాడు దిగుతాడు. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు పోయినట్లు పత్రికలలో వచ్చే వార్తల వెనుక తరచుగా జరిగేది ఇదే. "తాడు, గాలి కొలిచే పరికరం లేకుండా ఎవరినీ దించవద్దు, పడినవానికోసం మరొకరు దూకవద్దు" అన్న ఒక్క మాట ముందుగా చెవినిబడితే ఒక ఇంట రెండవ శవం లేవదు.

ఐశ్వర్యం, చట్టం రెండూ ఉన్న దేశంలోనూ ఈ విషయంలో పొరపాటు జరిగినది. విషపదార్థాలున్న చోట శుభ్రపరిచే పనికి వెళ్లే కార్మికునికి 40 గంటల పాఠం, 3 రోజుల క్షేత్రానుభవం, ఆపైన ఏటా 8 గంటల పునశ్చరణ ఇవ్వాలని అమెరికాలో నియమం ఉన్నది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో రెండు మహాభవనాలు కూలేనాటికి ఆ నియమం పుస్తకంలో ఉన్నదే. అయినా అక్కడి భద్రతా శాఖ ఆ స్థలంలో సలహాదారుగానే నిలిచి, శిక్షలు విధించే అధికారాన్ని పక్కన పెట్టినది. వారం తిరిగేసరికి గాలి పీల్చడానికి సురక్షితమని పర్యావరణ శాఖాధిపతి ప్రకటించారు. పిండియైన కాంక్రీటు, గాజు, ఆస్‌బెస్టాస్ కలిసిన ధూళిలో 2002 మే నెలాఖరువరకు పని సాగినది. ఆ శుభ్రపరిచే పనిలో స్థలంలో ప్రమాదవశాత్తు ఒక్కరూ మరణించలేదన్నది నిజం; అది సామాన్యమైన సంగతి కాదు. కాని ఆ రోజున 343 మందిని కోల్పోయిన న్యూయార్కు అగ్నిమాపకశాఖలో, తరువాతి సంవత్సరాలలో ఆ ధూళి తెచ్చిన జబ్బులతో మరణించినవారి సంఖ్య ఆ 343ను దాటిపోయినది. వారి చికిత్సకు, పరిహారానికి ప్రత్యేక చట్టం 2011 జనవరిలో గాని సంతకం కాలేదు.

1986లో చెర్నోబిల్ అణుకేంద్రపు కప్పుపై పడిన ముక్కలను పారలతో ఎత్తివేయడానికి, యంత్రాలు పనిచేయక, మనుషులను పంపారు. ఒక్కొక్కరు రెండు మూడు నిమిషాలకు మించి అక్కడ ఉండరాదు. ఎటు వెళ్లాలో, ఏమి ఎత్తాలో, ఎప్పుడు పరుగెత్తి రావాలో ముందే చెప్పి పంపారు. అది అమానుషమైన పని, సందేహం లేదు. అంతటి పనికైనా ముందొక మాట చెప్పక తప్పలేదన్నదే మేము గమనించవలసినది. మన భోపాలులో 1984నాటి విషవాయు దుర్ఘటన మిగిల్చిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీతంపురానికి తరలించినప్పుడు కార్మికులకు రక్షణ దుస్తులు తొడిగి, తక్కువ వ్యవధి వంతులు వేసి పని చేయించారు. చేయదలచుకుంటే మన దేశంలోనూ చేయగలమని దీనివల్ల తేలినది. అందుకు 40 ఏండ్లు పట్టినది.

"ఆపత్సమయంలో పాఠాలు చెప్పే తీరిక ఎక్కడిది?" అని కొందరు పెద్దలు అడగవచ్చును. ప్రాణాలు కాపాడే ఘడియలో తీరిక లేదన్నది నిజమే. కాని బురద ఎత్తడం మూడవనాటి పని. అప్పటికి పావుగంట దొరకకపోదు. మరి కొందరు, ఇచ్చిన తొడుగులను, ముసుగులను కార్మికులే విప్పి పారవేస్తారంటారు. మేమూ చూశాము. మన ఎండలో దళసరి రబ్బరు తొడుగు వేసుకొని గంటసేపు పార పట్టిన తరువాత ఈ మాట అనడం న్యాయం. మగవాని చేతికి కుట్టిన తొడుగులు, మగవాని కాలికి పోసిన బూట్లు ఆడవారికి ఇచ్చి, వాళ్లు వాడరని నింద వేయడం ఏమి సబబు? ఏది ఇమడదో కార్మికులనే అడిగి కొనాలి. ఒకానొక పట్టణంలో చేతితొడుగుల పెట్టెలు గదిలో భద్రంగా తాళం వేసి ఉండడం మేము కన్నులారా చూశాము. అవి తనిఖీకి వచ్చే అధికారికోసం దాచినవట!

మన రెండు భాషలవారము ఇక్కడ ఒక మాట ఆలోచించవచ్చును. ఉర్దూలో 'పాక్' అంటే పవిత్రమైనది, 'సఫాయీ' అంటే శుభ్రత. 'పాకీ' తెలుగులోకి వచ్చి, ఊరిని శుభ్రంచేసే మనిషిని దూరంగా నిలబెట్టే మాటగా మారినది. ఏ కులంవారిని ఆ మాటతో పిలిచామో ఆ కులంవారే వరద తీసినపుడు ముందుగా బురదలో దిగుతున్నారు. 2013లో పార్లమెంటు ఈ పనిపై కొత్త చట్టం చేసినది. మురుగులో దిగి మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచినది. పోయిన తరువాత ఇచ్చే సొమ్ముకు లెక్క కుదిరినది గాని, పోకుండా చెప్పే పాఠానికి గంట కుదరలేదు.

కళాశాల కమిటీకి మా విన్నపం చిన్నది. జాతీయ సేవాపథకంలో విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ 120 గంటలలో 8 గంటలను వానాకాలం రాకముందే ఈ శిక్షణకు కేటాయించండి. పురపాలక ఆరోగ్యాధికారిని, అగ్నిమాపక శాఖవారిని, ఒక ప్రభుత్వ వైద్యుని పిలవండి. 20 ఏండ్లుగా ఈ పనిలో ఉన్న పారిశుద్ధ్య కార్మికులను ఇద్దరిని ఉపన్యాసకుల వరుసలోనే కూర్చుండబెట్టండి. ధనుర్వాతపు ఇంజెక్షను, బూట్లు, తొడుగులు లేకుండా ఏ విద్యార్థినీ బురదలోకి పంపరాదని తీర్మానించండి. విద్యార్థులకు కొన్ననాడు, వారి పక్కన పనిచేసే కార్మికులకూ అవే కొనండి.

పాఠాన్ని ఒక పుటలో తెలుగు, ఉర్దూలలో వ్రాసే పని మా రెండు శాఖలు పంచుకుంటాయి. చదువురానివారికి బొమ్మలు వేయగల విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. ముసాయిదా తయారైన తరువాత దానిని మొదట మన పేటలో ఊడ్చే కార్మికులకే చదివి వినిపించి, వారికి అర్థంకాని మాట ఏ భాషలో ఉన్నా కొట్టివేసి, మిగిలినదే అచ్చుకు పంపాలి.