మిద్దె మీద నిలబడి చూస్తే

డిసెంబరు 14కి అటూ ఇటూ రెండు రాత్రులు చలికి జంకకుండా మిద్దెక్కండి. జెమినిడ్ ఉల్కలు రాలే కాలమిది. చాలావరకు సన్నటి గీతలే. ఎప్పుడో ఒకటి మాత్రం శుక్రుణ్ణి మించి భగ్గుమని, చెట్ల నీడలు నేలమీద పడేలా వెలుగుతుంది. అది సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చిన రాయి, అంతే.

ఈ రాళ్లతో మన ప్రాంతానికి పనుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని గమనించే 1024 యాంటెన్నాల రాడారు, లియోనిడ్ అనే మరో రకం ఉల్కలనూ గమనించింది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో 2013లో ఏకంగా ఉల్కల కోసమే ఒక రాడారు పెట్టారు. ఉల్క కాలిన చార రేడియో తరంగాన్ని తిప్పికొడుతుంది. ఆ చార ఎటు కొట్టుకుపోతోందో పట్టుకుంటే 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎలా వీస్తోందో తెలుస్తుంది. అంత పైకి బెలూన్లు పోలేవు. మబ్బు పట్టినా, పట్టపగలైనా రాడారుకు అడ్డు లేదు. మన కళ్లకే ఆ భాగ్యం లేదు.

పెద్ద ఉల్క కనబడితే ఫోను కోసం తడుముకోకండి, అంతలోనే ఆరిపోతుంది. టైము, దిక్కు గుర్తుపెట్టుకోండి. కాసేపాగి ఉరుములాంటి చప్పుడు వచ్చిందేమో వినండి.