లైసెన్సు సస్పెండైతే పని కోసమైనా బండి నడపొచ్చా? నడిగూడెం డ్రైవర్లకు చట్టం చెబుతున్నదేమిటి

నడిగూడెం నుంచి కోదాడకు, మునగాలకు తిరిగే ఆటోలు. నాట్లకు, మిర్చి ఏరడానికి కూలీలను దింపే ట్రాలీలు. మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లోడు కోసం లైన్లో ఉండే లారీలు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు మోసే డీసీఎంలు. ఈ బండ్లు నడిపేవాళ్లకు డ్రైవింగ్ లైసెన్సు అంటే జేబులో ఉండే గుర్తింపు కార్డు కాదు. దుకాణదారుకు షట్టర్ తాళంచెవి ఎలాగో వీళ్లకు లైసెన్సు అలాగ. అది సస్పెండైతే ఆ రోజు నుంచే ఇంట్లో రాబడి ఆగిపోతుంది.

అందుకే లైసెన్సు పోయినవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే. "పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, కిరాయి కోసం మాత్రమే నడుపుకుంటా అని అర్జీ పెట్టుకుంటే పర్మిషన్ ఇస్తరా?"

సూటిగా చెప్పాలంటే ఇవ్వరు. మోటారు వాహనాల చట్టం, 1988లో 'పని కోసం మాత్రమే' అనే లైసెన్సు లేదు. సస్పెన్షన్ కాలంలో ఫలానా గంటల్లో, ఫలానా రూట్లో నడుపుకోమని అనుమతి ఇచ్చే అధికారం రవాణా శాఖకు ఆ చట్టం ఇవ్వలేదు. అయితే డ్రైవర్‌కు దారులన్నీ మూసుకుపోయాయని కూడా అనలేం. చట్టంలో కొన్ని సందులున్నాయి. అవి తెలియక నష్టపోతున్నవాళ్లే ఎక్కువ.

మందు ముట్టనివాళ్లకూ వర్తిస్తుంది

సస్పెన్షన్ అనగానే చాలామందికి డ్రంకెన్ డ్రైవ్ ఒక్కటే గుర్తొస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే సెక్షన్ 185 కింద కేసు. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. మందు తాగనివాళ్లు ఇది తమకు సంబంధం లేని సంగతి అనుకుంటారు. అక్కడే పొరపాటు పడుతున్నారు.

2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు మీద చర్యకు దారితీసే తప్పుల జాబితా పెద్దది. మితిమీరిన వేగం, ప్రమాదకర డ్రైవింగ్, రేసులు, కండిషన్‌లో లేని బండిని రోడ్డెక్కించడం, బైక్‌పై ముగ్గురు ఎక్కడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. రెడ్ సిగ్నల్ దాటినా, ఫోన్ చేత్తో పట్టుకుని నడిపినా, రాంగ్ రూట్లో వచ్చినా అది ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్క. హైదరాబాద్–విజయవాడ 65వ నంబర్ జాతీయ రహదారి మీద యూటర్న్ దూరమని ఎదురుగా వచ్చే అలవాటున్న ప్రతి ఒక్కరూ ఈ లెక్కలో ఉన్నట్టే. హెల్మెట్ లేకపోతే చట్టంలో రాసి ఉన్నది 1,000 రూపాయల జరిమానా ఒక్కటే కాదు, మూడు నెలల అనర్హత కూడా. మామూలుగా చలానాతో వదిలేస్తుంటారు కాబట్టి ఆ రెండో సగం జనానికి తెలియదు.

ఇంకొకటి, గూడ్స్ బండిలో మనుషులను ఎక్కించడం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వ నిబంధన దీన్ని ప్రజలకు ప్రమాదం కలిగించే పనిగా లెక్కగడుతుంది. 2015లో సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ దీన్ని కూడా కలిపి, ఇలాంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. మన దగ్గర కూలీల ట్రాలీ అయినా, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఊరి జనాన్ని ఎక్కించుకుపోయే డీసీఎం అయినా ఈ నిబంధన కిందికే వస్తాయి. కిరాయి తీసుకోలేదు, సవాబు కోసం తీసుకెళ్లానంటే చెల్లదు. కిరాయి ఉన్నా లేకున్నా తప్పు తప్పే అని నిబంధనలోనే ఉంది.

రసీదు చేతిలో ఉంటే నడపొచ్చా?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పోలీసులు లైసెన్సు తీసుకున్నప్పుడు ఒక తాత్కాలిక రసీదు ఇస్తారు. ఆ కాగితం ఉంటే లైసెన్సు తిరిగొచ్చేదాకా నడుపుకోవచ్చని పాత డ్రైవర్లు చెబుతుంటారు. వాళ్ల మాట పూర్తిగా అబద్ధమేం కాదు. సెక్షన్ 206లో మూడో ఉపవిభాగం కింద ఇచ్చే రసీదుకు ఆ విలువ ఇప్పటికీ ఉంది.

కానీ 2019 సవరణ అదే సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగాన్ని చేర్చింది. పైన చెప్పిన వేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం, హెల్మెట్ లాంటి తప్పుల్లో లైసెన్సు తీసుకుంటే దాన్ని రవాణా శాఖకు పంపాలి. డ్రైవర్‌కు రసీదు ఇవ్వాలి. అయితే ఆ రసీదు బండి నడపడానికి అనుమతి కాదని చట్టం స్పష్టంగా రాసింది. అంటే చూడ్డానికి ఒకేలా ఉండే రెండు కాగితాల్లో ఒకటి నడపనిస్తుంది, ఇంకొకటి నడపనివ్వదు. తేడా తెలియాలంటే రసీదు మీద ఏ సెక్షన్ రాశారో చూసుకోవాలి. రాయకపోతే రాయమని అడగాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లైసెన్సు తీసుకుని పంపడం వరకే పోలీసుల పని. సస్పెండ్ చేయాల్సింది రవాణా శాఖలోని లైసెన్సింగ్ అధికారి లేదా కోర్టు.

మూడు నెలలు ఐదు నెలలైతే?

సెక్షన్ 19 ప్రకారం అలా వచ్చిన లైసెన్సు మీద అధికారి ముందుగా డ్రైవర్ మాట వినాలి. విన్నాక ఏ చర్యా లేకుండా వదిలేయొచ్చు, లేదా కారణాలు వివరంగా రాసి మొదటి తప్పుకు మూడు నెలలు అనర్హుడిగా ప్రకటించవచ్చు. రెండోసారి అయితే లైసెన్సు రద్దే.

వినడానికి బాగానే ఉంది. చిక్కు తేదీల దగ్గర వస్తోంది. విచారణ ఇన్ని రోజుల్లో పూర్తి చేయాలని ఈ సెక్షన్ గడువు పెట్టలేదు. లైసెన్సు ఈ రోజు తీసుకుని, ఉత్తర్వు రెండు నెలల తర్వాత వచ్చిందనుకుందాం. ఆ రెండు నెలలు రసీదు మీద నడపరాదు. ఉత్తర్వు తేదీ నుంచి లెక్క మొదలైతే తర్వాతి మూడు నెలలూ నడపరాదు. కాగితం మీద శిక్ష మూడు నెలలే, ఇంట్లో లెక్క మాత్రం ఐదు నెలలు.

దీన్ని రూపాయల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. డీజిల్ పోను రోజుకు 700 మిగిలే ఆటో డ్రైవర్ నెలకు 26 రోజులు నడుపుతాడనుకుందాం. మూడు నెలలకు పోయేది 54,600. అదే ఐదు నెలలకు 91,000. ఈలోగా ఫైనాన్స్ కిస్తీ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు. అదే తప్పు చేసిన ప్రభుత్వ ఉద్యోగికి జీతం పోదు, మూడు నెలలు బస్సు ఛార్జీలు అదనం, అంతే. చట్టం ఇద్దరికీ ఒకే శిక్ష వేసింది, భారం మాత్రం ఒకే తీరుగా పడలేదు. 'పని కోసం అనుమతి' కావాలనే వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది.

బయటి దేశాల్లో ఉన్న పద్ధతి

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. మన జిల్లాల పిల్లలు ఎంతోమంది ఉంటున్న టెక్సాస్‌లో దాన్ని 'ఆక్యుపేషనల్ లైసెన్స్' అంటారు. కోర్టుకు అర్జీ పెట్టుకుని, ఉద్యోగానికో చదువుకో ఇంటి అవసరాలకో బండి తప్పనిసరి అని చూపిస్తే, జడ్జి రోజుకు నాలుగు గంటలు అనుమతించవచ్చు. అవసరం రుజువైతే పన్నెండు గంటల దాకా పెంచవచ్చు. ఇల్లినాయిస్‌లో మద్యం కేసుల్లో ఊది చూపిస్తేనే ఇంజన్ స్టార్ట్ అయ్యే పరికరం బిగించుకుని నడపనిస్తారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 'వర్క్ లైసెన్స్' ఉంది.

అయితే ఇందులో మనవాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. టెక్సాస్ అనుమతి సొంత కారుకే పనికొస్తుంది, కమర్షియల్ వాహనాలకు చెల్లదు. లారీలాంటి పెద్ద కమర్షియల్ బండ్ల లైసెన్సు మీద అనర్హత పడితే ఏ రాష్ట్రమూ అలాంటి మినహాయింపు ఇవ్వరాదన్నది అమెరికా ఫెడరల్ నిబంధన. అంటే ఆ పద్ధతి ఆఫీసుకు వెళ్లే ఉద్యోగిని ఆదుకుంటుంది, లారీ డ్రైవర్‌ను కాదు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకున్నా నడిగూడెం లారీ డ్రైవర్‌కు ఒరిగేది తక్కువ.

మన చట్టంలోనే ఉన్న సందు

అంతకంటే పనికొచ్చే మాట మన సెక్షన్ 19లోనే ఉంది. లైసెన్సులో ఉన్న "అన్ని రకాల వాహనాలకు లేదా వాటిలో ఏదైనా ఒక రకానికి" అనర్హత విధించవచ్చని అందులో ఉంది. కోర్టు వేసే అనర్హతకు సంబంధించిన సెక్షన్ 20లోనూ ఇదే వెసులుబాటు కనిపిస్తుంది. ఉదాహరణకు, సెలవు రోజున హెల్మెట్ లేకుండా బైక్ నడిపి దొరికిన ఆటో డ్రైవర్ తన అనర్హతను బైక్ వరకే పరిమితం చేయమని విచారణలో అడగవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. కానీ అడగనివాడికి తనంతట తాను ఎవరూ ఇవ్వరు.

ప్రతి కేసులోనూ ఈ వాదన నిలబడదు. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. దానికి మొదలు, మద్యం తాగి నడిపిన ఒక బైక్ రోడ్డు మీద పడిపోవడం. తాగింది బైక్ మీదే కదా అనే మాటకు ఆ తర్వాత విలువ ఎలా ఉంటుంది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ ఇళ్లల్లో కూడా రాబడి ఆగిపోయింది, అది మూడు నెలల తర్వాత తిరిగి వచ్చేది కాదు. కాబట్టి హెల్మెట్ కేసునూ తాగి నడిపిన కేసునూ ఒకే గాటన కట్టి సానుభూతి అడగడం సరికాదు.

దొంగచాటుగా నడిపితే

"లోపలి రోడ్ల మీద ఎవరు చూస్తరు" అని నడిపేవాళ్లు ఉన్నారు. అనర్హత ఉండగా నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. తెలిసి బండి ఇచ్చిన ఓనర్ మీదా కేసు అవుతుంది.

అసలు దెబ్బ జరిమానా కాదు, ఇన్సూరెన్స్. అనర్హత కాలంలో ఉన్న డ్రైవర్ నడిపితే తమకు బాధ్యత లేదని కంపెనీ వాదించుకునే హక్కు చట్టంలోనే ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు తర్వాత ఇలాంటి చోట్ల కంపెనీ ముందు బాధితులకు డబ్బు కట్టి, ఆ మొత్తాన్ని ఓనర్ నుంచి రాబట్టుకునే పద్ధతి నడుస్తోంది. ప్రాణం పోయిన కేసులో పరిహారం లక్షల్లో ఉంటుంది. రోజుకు 700 కాపాడుకోబోతే ఇల్లు, పొలం మీదికి వస్తుంది.

చేయాల్సిన పనులు

లైసెన్సు తీసుకున్న రోజే రసీదు, సెక్షన్, తేదీ చూసుకోవాలి. సూర్యాపేట జిల్లా రవాణా శాఖ కార్యాలయం నుంచి నోటీసు వస్తే వెళ్లి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఏజెంటుకు డబ్బిచ్చి ఊరుకుంటే డ్రైవర్ తరఫు మాట ఫైల్లోకి ఎక్కదు. మొదటి తప్పు అయితే ఆ సంగతి, ఇంటి పరిస్థితి, కిస్తీ కాగితాలు, వాహన రకం పరిమితి కోరే మాట అన్నీ జవాబులో ఉండాలి. ఎన్ని రోజుల నుంచి బండి ఆపి కూర్చున్నారో రాసి, ఆ రోజులను శిక్షలో కలపమని కూడా అడగాలి.

ఉత్తర్వు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన నడపొచ్చని కాదు, స్టే వస్తేనే నడపాలి. కోర్టు వేసిన అనర్హత అయితే పై కోర్టుకే వెళ్లాలి.

సస్పెండైంది మనిషి లైసెన్సే తప్ప బండి పర్మిట్ కాదన్నది కూడా చాలామంది మరిచిపోతారు. సరైన లైసెన్సు ఉన్న తమ్ముడో బంధువో ఆ బండి నడపవచ్చు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న ట్రాలీలు ఉన్న ఇళ్లకు ఇది పెద్ద ఊరట. గడువు తీరాక లైసెన్సు తిరిగి రావాలంటే రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. దాన్ని చివరి వారానికి వదిలితే మరికొన్ని రోజులు పోతాయి.

ఆఫీసుల వైపు నుంచి కావాల్సింది

దీనికంతటికీ కొత్త చట్టం అక్కర్లేదు. లైసెన్సు అందిన రెండు వారాల్లో విచారణ జరపడం, ఆపిన రోజు నుంచే శిక్ష లెక్కించడం, రసీదు మీద "నడపరాదు" లేదా "నడపవచ్చు" అని తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయడం, రిఫ్రెషర్ క్లాసులు కోదాడ లాంటి దగ్గరి పట్టణంలో పెట్టడం. ఈ నాలుగూ జరిగితే డ్రైవర్‌కు చట్టం చెప్పిన మూడు నెలలే పడతాయి, ఆఫీసు ఆలస్యానికి పడే శిక్ష తప్పుతుంది. తప్పుకు శిక్ష పడాల్సిందే. ఫైలు కదలనందుకు మాత్రం డ్రైవర్ పిల్లల స్కూలు ఫీజు ఆగకూడదు. ఆటో, లారీ యూనియన్లు ఈసారి అధికారులను కలిసినప్పుడు ఛార్జీలతో పాటు ఈ నాలుగు మాటలు కూడా వినతిపత్రంలో రాసుకుంటే మంచిది.