పందెపు ఎడ్లకు సొంత బండి: చట్టం దృష్టిలో అదీ సరకు రవాణాయే
కిరాయి లేదన్న మాట చెల్లదు - వెనుక ఎక్కినవారికి బీమా దక్కదు

నరసరావుపేట: సంక్రాంతి మొదలు ఉగాది వెళ్ళేవరకు, ఆపైన ఊరూరి తిరునాళ్ళకు బండలాగుడు పందేలు జరగటం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. పూర్వం పందేనికి ఎడ్లను నడిపించుకుని తీసుకుపోయేవారు. దూరమైతే ముందురోజే బయలుదేరి దారిలో మజిలీ చేసేవారు. ఇపుడు ఆ రోజులు పోయాయి. పల్నాడు జత కర్నూలు వైపు పోతున్నది. ప్రకాశం జత కృష్ణ దాటి మేళ్ళచెరువు శివరాత్రి జాతరకు చేరుతున్నది. రాత్రికి రాత్రి వ్యానులో ఎక్కించి తెల్లవారేసరికి పందెం పట్టీ దగ్గర దించుతున్నారు.

లక్షల రూపాయలు పోసి జతను కొని, ఉలవలు, దాణా పెట్టి మేపే రైతు వాటిని ముక్కూమొహం తెలియని కిరాయి బండిలో పంపటానికి ఇష్టపడటం లేదు. అందువల్ల చాలామంది సొంతంగా చిన్న వ్యాన్లు కొన్నారు. కొందరు సేద్యపు ట్రాక్టరు వెనుక ట్రక్కులోనే ఎక్కిస్తున్నారు. "బండి మాది, ఎడ్లు మావి. ఎవరి దగ్గరా కిరాయి తీసుకోవటం లేదు. ఇందులో వ్యాపారమేమున్నది? మాకు పర్మిట్టు ఎందుకు?" అన్నది వీరి వాదన. వినటానికి ఈ వాదన సబబుగానే ఉన్నది. కాని చట్టం అడిగే ప్రశ్న వేరు. బండిలో ఉన్నదేమిటి, బండి బరువెంత, తోలేవాడి చేతిలో ఏ లైసెన్సు ఉన్నది, వెనుక ఎవరు కూర్చున్నారు అన్నవే అది అడుగుతుంది. కిరాయి తీసుకున్నారా లేదా అన్నది వాటి తర్వాతి మాట.

ఎడ్లు కూడా "సరకే"

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. అందులోని 2వ సెక్షను సరకు అంటే ఏమిటో నిర్వచిస్తూ పశువులను కూడా అందులో చేర్చింది. మనుషులు తప్ప బండిలో వేసుకుపోయే దాదాపు ప్రతిదీ సరకే. కారులో పెట్టుకునే సొంత సామానుకు మాత్రం మినహాయింపు ఉన్నది. సరకు మోయటానికే తయారైన బండి ఎటూ సరకు బండే. అందుకోసం తయారుకాని బండి కూడా సరకు మోసిన సమయంలో సరకు బండిగానే లెక్కకు వస్తుందని అదే సెక్షను చెపుతున్నది.

ఈ నిర్వచనంలో కిరాయి ఊసు లేదు. పందెంలో బహుమతి వచ్చిందా, ఉత్తచేతులతో తిరిగి వచ్చారా అన్నదానితో కూడా దీనికి సంబంధం లేదు. రైతు తన గిత్తలను తన వ్యానులో తానే తోలుకుపోయినా చట్టం దృష్టిలో అది సరకు రవాణా. మిగిలిన చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతున్నాయి.

లైసెన్సు: కొంత ఊరట

తేలిక వాహనాల లైసెన్సు ఉన్న వ్యక్తి పసుపు బోర్డు వ్యాను నడపవచ్చునా అన్నది ఏళ్ళ తరబడి కోర్టులలో నలిగిన ప్రశ్న. "ట్రాన్స్‌పోర్టు" అని లైసెన్సులో వేరుగా రాయించుకోలేదన్న కారణం చూపి బీమా కంపెనీలు నష్టపరిహారం ఎగవేయజూసేవి. 7,500 కిలోలకు మించని సరకు బండికి తేలిక వాహనాల లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017 జూలై 3న తీర్పు చెప్పింది. దానిపై మళ్ళీ సందేహాలు లేవగా, అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న అదే మాట ఖాయం చేసింది.

ఈ 7,500 కిలోలు ఖాళీ బండి బరువు కాదు. సరకు బండి విషయంలో బండి, అది మోయదగిన లోడు కలిపిన మొత్తం బరువును చూడాలి. సి-బుక్కులో ఈ అంకె ఉంటుంది. చిన్న వ్యాన్లు ఈ హద్దు లోపలే ఉంటాయి. రెండు మూడు జతలు కలిపి పెద్ద బండిలో తీసుకుపోయేవారు మాత్రం సి-బుక్కు చూసుకోకుండా బయలుదేరరాదు. హద్దు దాటిన బండికి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు తప్పనిసరి. కారు లైసెన్సు ఉన్న తమ్ముడినో, ఏ లైసెన్సూ లేని పాలేరునో స్టీరింగు ముందు కూర్చోబెడితే ఆ తప్పు తోలినవాడితో పోదు. బండి ఇచ్చిన యజమాని కూడా విడిగా జరిమానాకు గురి అవుతాడు.

పర్మిట్టు: 3,000 కిలోల గీత

చట్టంలోని 66వ సెక్షను ప్రకారం సరకు బండి పర్మిట్టు లేకుండా రోడ్డెక్కరాదు. సొంత వ్యాపారపు సరకు మోసుకునే యజమానికి కూడా ఇదే వర్తిస్తుంది. అయితే మొత్తం బరువు 3,000 కిలోలకు మించని బండికి పర్మిట్టు అవసరం లేదు. చిన్న వ్యాన్లలో కొన్ని ఈ గీతకు లోపల, కొన్ని వెలుపల ఉన్నాయి. చూపులకు రెండూ ఒకే తీరుగా ఉండటం వల్ల పక్క ఊరి రైతుకు అక్కరలేని పర్మిట్టు తనకూ అక్కరలేదని అనుకోవటం జరుగుతున్నది. పర్మిట్టు మినహాయింపు ఉన్నంత మాత్రాన ఫిట్‌నెస్, బీమా, పన్ను మాఫీ అయినట్లు కాదు. ఎనిమిదేళ్ళ లోపు సరకు బండికి రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తీసుకోవాలి.

ఇందులో మరొక మెలిక ఉన్నది. 2014 జూన్ 2కు ముందు పల్నాడు నుంచి మేళ్ళచెరువు పోవటమంటే ఒకే రాష్ట్రంలో జిల్లా మారటం. నేడది మరొక రాష్ట్రం. ఒక రాష్ట్రంలో ఇచ్చిన పర్మిట్టు వేరొక రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి కౌంటర్ సంతకమో, నేషనల్ పర్మిట్టో ఉండాలి. తాతల కాలం నుంచి పోతున్న తిరునాళ్ళే అయినా, కృష్ణ దాటితే కాగితం మారుతుందన్నది గుర్తుంచుకోవాలి.

ట్రాక్టరు ట్రక్కు సంగతి

సేద్యపు ట్రాక్టరును నిబంధనలు రవాణా వాహనంగా చూడటం లేదు. వ్యవసాయ సంబంధమైన వస్తువులను చేరవేయటం దాని పని. ఎరువులు, ధాన్యం, చొప్ప మోసినంత వరకు పేచీ లేదు. పందెపు ఎడ్లను జాతరకు తీసుకుపోవటం సేద్యం కిందికి వస్తుందా అన్న ప్రశ్న ప్రమాదం జరిగిన నాడు తప్పక లేస్తుంది. ట్రాక్టరు, ట్రైలరు కలిసి సరకు మోస్తే అది సరకు బండే అవుతుందని, పర్మిట్టు కావాలని 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది.

2007లో అదే కోర్టు ముందుకు వచ్చిన మరో కేసులో సేద్యానికని బీమా చేసిన ట్రాక్టరు ఇటుక బట్టీకి మట్టి తోలుతూ ప్రమాదానికి గురి అయింది. వెనుక ట్రాలీకి బీమాయే లేదు. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. గాయపడిన కూలీ పేదరికం చూసి, ముందు కంపెనీ చెల్లించి ఆ సొమ్మును ట్రాక్టరు యజమాని దగ్గర రాబట్టుకోవాలని ప్రత్యేకంగా ఆదేశించింది. ట్రాక్టరుకు ఒక పాలసీ ఉన్నదని ధీమాగా ఉండే రైతులు, వెనుక ట్రక్కు కూడా అందులో చేరిందో లేదో విప్పి చూసుకోవాలి.

గిత్తకు ఎంత చోటు?

పశువులను తరలించే బండ్లకు ప్రత్యేక నిబంధన 2016 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 125-ఇ అన్నది దీని సంఖ్య. బండిలో శాశ్వతమైన అడ్డు చట్రాలు ఉండాలి. ఒక్కొక్క పశువు ఒక్కొక్క గదిలో ఉండాలి. ఆవు, గేదె జాతికి ఒక్కొక్క దానికి రెండు చదరపు మీటర్లకు తక్కువ కాకుండా చోటు ఇవ్వాలి. ఇలా తయారుచేసిన బండికి ఆర్.టి.ఓ. ప్రత్యేక లైసెన్సు ఇస్తారు. అందులో మరో సరకు వేయరాదు.

రెండు చదరపు మీటర్లంటే సుమారు ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. జతకు నలభై మూడు. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న తొట్టి వైశాల్యం నలభై చదరపు అడుగులే. అంటే అందులో జతకు చోటు చాలదు. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు ఉంటే సరిపోతుంది. బండి కొనేముందే టేపు పెట్టి కొలుచుకుంటే తర్వాత చిక్కు ఉండదు.

ఇదిగాక 1978 నాటి పశువుల రవాణా నిబంధనలు ఉన్నాయి. ప్రయాణానికి పశువు తగి ఉన్నదని, అంటురోగం లేదని పశువైద్యుడి సర్టిఫికెట్టు వెంట ఉండాలి. మామూలు సరకు బండి అయితే కాలు జారకుండా నేలమీద కొబ్బరి పీచు చాపలో, చెక్కలో వేయాలి. పశువు ముఖం ఇంజను వైపు ఉండటం మేలు. వెంట ఒక సంరక్షకుడు ఉండాలి. ఎంత పెద్ద బండి అయినా ఆరు పశువులకు మించరాదు. ఇవి పందెపు రైతుకు భారమైన షరతులు కావు. గిత్త కాలు జారి గిట్ట దెబ్బతింటే ఏడాది మేపిన ఖర్చు మట్టిపాలు అవుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. సర్టిఫికెట్టు వల్ల ఇంకొక లాభం ఉన్నది. రాత్రిపూట పశువుల బండి కనిపిస్తే కబేళాకు తోలుతున్నారేమోనని అనుమానించటం సహజం. ఆ సమయంలో మాటకన్నా కాగితానికి విలువ ఎక్కువ.

అసలు ప్రమాదం వెనుక ఉన్నవారికి

జరిమానాలు కట్టి బయటపడవచ్చు. బయటపడలేనిది మరొకటి ఉన్నది. పందేనికి బండి కదిలిందంటే ఎడ్లతోపాటు మనుషులూ ఎక్కుతారు. గిత్తలను పట్టుకునేందుకు ఇద్దరు, తోలేందుకు ఇద్దరు, చూడబోయే కుర్రకారు నలుగురైదుగురు. కొందరు గిత్తల నడుమ, కొందరు తొట్టి అంచుమీద కూర్చుంటారు. అయిదేసి వందల కిలోల బరువుగల రెండు జీవాలు బెదిరి ఒక పక్కకు ఒరిగితే బండి ఏమవుతుందో, వాటి మధ్య మనిషి ఏమవుతాడో వేరుగా చెప్పనక్కరలేదు.

బరువు మోసే బండిలో మనుషులు ఎక్కితే ఎంత ఘోరం జరుగుతుందో చెప్పటానికి 2018 జూన్ 24 నాటి వేములకొండ దుర్ఘటన చాలు. యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది దాకా మరణించారు.

ఇటువంటి వేళ బీమా సంగతి ఏమిటి? సరకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల బాధ్యత తప్పనిసరి బీమా కిందికి రాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. సరకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ ఉన్నది. కాని సరకు యజమాని అంటే క్యాబినులో కూర్చుని ప్రయాణించేవాడని, సరకు మీద కూర్చున్నవాడు కాదని 2007లో మరో తీర్పు వచ్చింది. ఇక బండి యజమానే అందులో ఉండి గాయపడితే అతడు మూడో మనిషి కాడు. యజమాని-డ్రైవరు కోసం విడిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమాయే అతనికి దిక్కు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోతే అదీ దక్కదు.

దీని అర్థం స్పష్టం. సరదాగా వెంట వచ్చిన పొరుగింటి కుర్రవాడు మరణిస్తే పరిహారం యజమాని జేబునుంచి కట్టవలసి వస్తుంది. కొన్ని కేసులలో కంపెనీ ముందు చెల్లించినా తర్వాత యజమానిపై రాబట్టుకుంటుంది. జతను మేపిన పొలమే అమ్ముకోవలసిన స్థితి రావచ్చు. అది కూడా లేనివాడి బండి అయితే కొడుకును పోగొట్టుకున్న ఇంటికి తీర్పు కాగితం తప్ప మరేమీ మిగలదు.

చేయదగిన పనులు

దీనికి మార్గం లేకపోలేదు. డ్రైవరు, క్లీనరు, ఛార్జీ చెల్లించని ప్రయాణికులను అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్చుకునే వీలు ఉన్నది. ఆ ప్రీమియం ఒక బస్తా దాణా ఖర్చుకు సరితూగే మాట కావచ్చు, కాకపోవచ్చు గాని, ప్రాణానికి సరితూగదు. సి-బుక్కులో ఉన్న సీట్ల మేరకు క్యాబినులోనే మనుషులు కూర్చుని, మిగిలినవారు బస్సులోనో మరో బండిలోనో పోవాలి.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ చట్టంలో లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయలు, పర్మిట్టు షరతు మీరితే 10,000 రూపాయలు, అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉన్నది. రోడ్డు మీద వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

అయితే రైతును తప్పుపట్టటంతో పని పూర్తికాదు. ఎడ్ల బండికి ప్రత్యేక లైసెన్సు ఒకటి ఉన్నదన్న సంగతే అనేకమంది ఎరుగరు. పండుగ సెలవులలో పశువైద్యుడి సంతకం దొరకటం కష్టం. బ్రేకు ఇనస్పెక్టరు ఎదురైనపుడే నిబంధన తెలియటం ఎవరికీ మంచిది కాదు. సంక్రాంతికి ముందు రవాణా, పశుసంవర్ధక శాఖలు కలిసి మండల కేంద్రాలలో ఒక్కొక్క రోజు కేటాయించి బండ్లు తనిఖీ చేసి, సర్టిఫికెట్లు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. పందెం కమిటీలు జత పేరు నమోదు చేసేటపుడు పళ్ళు లెక్కించినట్లే బండి బీమా, డ్రైవరు లైసెన్సు కూడా చూడాలి. వెనుక మనుషులతో వచ్చిన బండిలోని జతను పట్టీలోకి రానీయబోమని ఒక్క కమిటీ ప్రకటించినా మిగిలిన ఊళ్ళు దారికి వస్తాయి. వచ్చే సంక్రాంతి పందేల కరపత్రాలలోనే ఈ షరతును అచ్చు వేయించాలి.