రికార్డుకి రెండో వైపు

2023 నవంబరులో బీటిల్స్ పేరుతో ఒక కొత్త పాట వచ్చింది, 'నౌ అండ్ దెన్'. పాల్ మెకార్ట్నీకి అప్పటికి 81 ఏళ్ళు. చనిపోయిన జాన్ లెనన్ ఎప్పుడో ఇంట్లో క్యాసెట్టు మీద పాడి పెట్టుకున్న గొంతును కంప్యూటరు సాయంతో విడదీసి, దానికి మిగతా వాద్యాలు కలిపారు. మన హాస్టల్లో కూడా కొన్నాళ్ళు మోగింది. ఆ రికార్డుకి రెండో వైపు ఏముందే అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు. 1962లో వాళ్ళు తొలిసారి వేసిన 'లవ్ మీ డూ' ఉంది. 1968లో 'హే జూడ్' వెనకవైపు 'రెవల్యూషన్' ఉన్నట్టే. పేరు వచ్చేది ఒకదానికి, తోడొచ్చేది ఇంకొకటి.

వాళ్ళ సంగతి అలా ఉంచి మన ఊరి ఆవిడ రికార్డు దగ్గరికి వద్దాం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1916లో ఇక్కడే, మన మదురైలో పుట్టారు (మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా 'మధుర' అనే అంటారు). పదేళ్ళ వయసుకే రికార్డు ఇచ్చారు. ఆవిడకి అరవై దాటాక, 1980 ప్రాంతంలో, తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున 'బాలాజీ పంచరత్నమాల' వచ్చింది. అయిదు ఎల్‌పీ రికార్డులు. స్తోత్రాలతో పాటు అన్నమయ్య కీర్తనలు చాలా ఉన్నాయి అందులో. తాళ్ళపాకలో పుట్టినాయన మాట, తిరుమల కొండ మీద రాగిరేకుల్లో శతాబ్దాల పాటు దాగి, ఆంధ్రదేశపు విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర నేర్చుకున్న వరసలో, తమిళం మాట్లాడే మదురై మనిషి గొంతులోంచి మనకి చేరింది. రేకుల మీద రాగం పేరే తప్ప వరస లేదు. అంటే మనం పాతది అనుకునే ఆ వరసలు చాలా వరకు మన అమ్మల కాలంలో కట్టినవే.

ఆ అయిదు రికార్డుల్లోంచి మనకి మిగిలినవి ఎన్ని? మన శాఖ వేడుకల్లో ప్రార్థన అంటే 'భావములోన'. కొంచెం బాగా పాడే పిల్ల దొరికితే 'నానాటి బతుకు'. ఇంకా ధైర్యం చేస్తే 'శ్రీమన్నారాయణ', 'డోలాయాం', 'దేవదేవం భజే'. ఈ చివరి మూడూ సంస్కృతం. వాటి మీద నాకు కోపం ఏమీ లేదు గానీ, తెలుగు శాఖ వేడుకలో తెలుగు వినబడాలని అడగడం తప్పు కాదు కదా!

అదే మాలలో 'ఒకపరి కొకపరి' ఉంది, ఖరహరప్రియలో. అలంకారం చేసిన స్వామిని చూస్తూ చెప్పిన పాట. ఒంటి మీద చల్లిన కర్పూరం పొడి వెన్నెల దిగబోసినట్టుందిట, చెక్కిళ్ళ మీద పూసిన తట్టుపునుగు కరిగి కారితే ఏనుగు మదజలంలా ఉందిట. దేవుణ్ణి ఏనుగుతో పోల్చి ఊరుకునే చనువు చూడండి. 'ఒకపరి' అంటే ఏమిటని మొదటి సంవత్సరం పిల్లలు అడుగుతారు. మన ఇళ్ళలో 'ఒక తూరి' అంటాం, పాఠంలో 'ఒకసారి' అని ఉంటుంది, అన్నమయ్య 'ఒకపరి' అన్నాడు. మూడూ ఒకటే. ఇంట్లో మాట్లాడేది తప్పు తెలుగనీ, క్లాసులోది ఒప్పు తెలుగనీ అనుకునే మనవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు.

నాకు ఇంకా ఇష్టమైనది 'మనుజుడై పుట్టి', ఆభోగిలో. పొట్టకూటి కోసం సాటి మనిషి ముందు చేతులు కట్టుకు నిలబడే బతుకు మీద విసుగు అది. కోయంబత్తూరు మిల్లుల్లో షిఫ్టులు చేసిన తండ్రులు ఉన్న క్లాసు మనది. ఆ పాట అర్థం చెప్పడానికి మనకి నిఘంటువు అక్కర్లేదు. అయినా మన స్టేజి మీద అది వినబడదు.

ఎందుకంటే ఎల్‌పీ వేస్తే ఆ వైపు అయ్యేదాకా కూర్చోవాల్సిందే. తెలిసిన పాట కోసం తెలియని పాట కూడా చెవిన పడేది. ఫోన్లో అలా కాదు. ఎక్కువమంది విన్నదాన్నే అది మళ్ళీ ముందుకు తెస్తుంది. మనమూ దాన్నే పాడతాం, ఇంకో పదిమంది దాన్నే వెతుకుతారు.

దీనికి తోడు మన లిపి గొడవ. మనలో సగం మంది పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతాం. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. సంగీతం పుస్తకాల్లో పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపిస్తారు, మన చీటీల మీద ఆ అంకెలు ఎవరు వేస్తారు? అందుకని 'భావములోన' కాస్తా 'పావములోన' అవుతుంది. తమిళంలో పావం అంటే 'అయ్యో పాపం' అని. భక్తి పోయి జాలి మిగిలింది! తెలుగు మాతృభాష కాని ఆవిడ ఒత్తులు ఎంత శుభ్రంగా పలికారో ఒక తూరి విని చూడండి. ఇంట్లో తెలుగే మాట్లాడే మనకి అది రావట్లేదంటే సిగ్గుపడాలో నవ్వాలో తెలియదు.

"తెలియని పాట పాడితే చప్పట్లు ఎవరు కొడతారే?" అని మా బెంచిలోనే ఒకమ్మాయి అంది. న్యాయమైన మాటే. జనానికి తెలిసిన పాట పాడితే వాళ్ళు కూడా గొంతు కలుపుతారు, ఆ సంతోషం వేరు. అందుకని 'నానాటి బతుకు'ను మానేయమని నేను అనను. దాని పక్కన ఇంకోదాన్ని పెట్టమంటున్నాను, రికార్డులో ఉన్నట్టే. పాడేముందు రెండు నిమిషాలు అర్థం చెబితే చప్పట్లు వాటంతటవే వస్తాయి. అర్థం చెప్పడం తెలుగు శాఖ పని కూడా.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి 'మనుజుడై పుట్టి' పాడదాం. ఖరహరప్రియ అందరి గొంతుకీ లొంగదు, ఆభోగి అయిదు స్వరాలతో సరిపోతుంది. సాహిత్యం పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి ఈ గోడ పత్రిక కిందే అంటిస్తాను. తమిళంలో రాసుకోవద్దు. అక్షరాలు రాని వాళ్ళు నా దగ్గరికి రండి, ఒత్తులు కూడబలుక్కుని నేర్చుకుందాం. మేడమ్ గారు ఒప్పుకుంటే సోమవారం నాలుగింటికి, చివరి పీరియడ్ అయ్యాక, శాఖ గదిలోనే మొదలుపెడదాం.