మన కామెర్లకు సారా కారణమా? కుళాయి కారణమా?

గూడెంలో ఎవరికన్నా కళ్ళు పచ్చబడ్డాయంటే చాలు, ఊళ్ళో ఒకటే మాట: తాగి తాగి లివరు పోగొట్టుకున్నాడు. ఆస్పత్రికి పోయినా అదే మాట, కాకపోతే తెల్లకోటు తొడుక్కుని అంటారు. పేరడుగుతారు, పేట అడుగుతారు, నెత్తురు పరీక్ష కాకముందే రోగం తేల్చేస్తారు. సరేనయ్యా, మొగోడు తాగాడు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఆడకూతురు ఏం తాగింది? ఆరేళ్ళ పిల్లగాడు ఏం తాగాడు? వాళ్ళు తాగింది నీళ్ళు. మీరు వదిలిన కుళాయి నీళ్ళు!

తాగుడు లివరుకు మంచిదని మనం అనటం లేదు. సారా మీద మనకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన పోరాటంలో ముందు నిలిచింది కూలికి పోయే ఆడవాళ్ళే. 1993లో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. సారా పాటలు పాడుకుని మేడలు కట్టినవాళ్ళు ఇవాళ మన లివరు గురించి నీతులు చెప్తున్నారు. అదీ సంగతి.

అసలు విషయం చూద్దాం. కామెర్లు ఒక రోగం కాదు, రోగానికి గుర్తు. లివరు దెబ్బతింటే ఒళ్ళు, కళ్ళు, ఉచ్చ పచ్చబడతాయి. దెబ్బతీసేది సారా కావచ్చు, రాయి కావచ్చు, వైరసు కావచ్చు. లివరును పట్టే వైరసుల్లో ఐదింటికి హెపటైటిస్ ఏ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టారు. బి, సి నెత్తురు ద్వారా వస్తాయి. డి ఒంటరిగా రాదు, బి ఉన్నవాళ్ళకే వస్తుంది. ఏ, ఇ మాత్రం నోటి గుండా వస్తాయి. ఇంకా తేటగా చెప్పాలంటే, ఒకరి మలం నీళ్ళలో కలిసి ఇంకొకరి కడుపులోకి పోతేనే ఇవి వస్తాయి. పేగుల్లో దిగి, అక్కణ్ణుంచి లివరు చేరతాయి.

ఏ ఎక్కువగా పిల్లలకొచ్చి పోతుంది. ఇ పెద్దవాళ్ళను పడేస్తుంది. చాలామంది కొన్ని వారాలకు కోలుకుంటారు గానీ గర్భిణులకు అది మృత్యువు. నెలలు నిండేటప్పుడు సోకితే నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా చనిపోతారు. ఆ చావుని కాన్పు కష్టమైందని రాసేస్తే లెక్క సరి. నీళ్ళ మాటే రాదు.

నీళ్ళలో మలం ఎట్లా కలుస్తుంది? కుళాయి గొట్టం మురుగు కాలవ లోంచి పోతుంది. నీళ్ళు రోజుకు గంటో, రెండ్రోజులకు ఒకసారో వదులుతారు. వదలనప్పుడు గొట్టం ఖాళీ. ఖాళీ గొట్టానికి పగులుంటే బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ మురుగంతా ముందుకు తోసుకొస్తుంది. లైను చివర ఎవరి ఇళ్ళున్నాయి? ట్యాంకు ఊరి నడుమ, వాల్వు పెద్దోళ్ళ వీధి మొగలో, చివరి కుళాయి మన గూడెంలో. ధారకు జోరు లేక మనం గుంట తవ్వి, గొట్టం కిందికి దించి, అందులో బిందె పెట్టి పట్టుకుంటాం. వాన పడితే గుంట నిండుతుంది. ఆ గుంట చూపించి "వీళ్ళకు శుభ్రం లేదు" అంటారు. గుంట తవ్వించింది ఎవరు?

ఇది ఊహ కాదు. 1955 డిసెంబరులో ఢిల్లీలో కామెర్లు చెలరేగాయి. నజఫ్‌గఢ్ మురుగు కాలవ యమునలో ఎదురెక్కి, వజీరాబాద్‌లో తాగునీళ్ళు తోడే చోటికి చేరింది. ఇంజనీర్లు క్లోరిను పెంచారు. టైఫాయిడ్ లాంటివి ఆగాయి, కామెర్లు ఆగలేదు. 29 వేల మందికి పైగా పడ్డారు. దాచిన నమూనాలను చాలా ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే అది ఇ అని తేలింది. రాజధాని కాబట్టి విచారణ జరిగింది, పుస్తకాలకెక్కింది. ఢిల్లీ వాళ్ళు తాగుబోతులని ఎవరూ అనలేదు.

మన హైదరాబాదుకి రండి. 2005 మార్చి నుంచి ఆగస్టు దాకా 1,600 మందికి పైగా హెపటైటిస్ ఇ వచ్చింది. ఎక్కువ దెబ్బ తిన్నవి ఏ బస్తీలో తెలుసా? నీళ్ళ గొట్టాలు మురుగు కాలవలను దాటి పోయే బస్తీలు.

ఇంకో మోసం చూడండి. ఇ వైరసు ఒంట్లోకి పోయాక రెండు నుంచి పది వారాలకు గానీ జబ్బు బయటపడదు. గూడెంలో పదిమంది పడ్డాక అధికారి సీసా పట్టుకొస్తాడు. ఈలోపు గొట్టం అతికించి ఉంటారు, బ్లీచింగు చల్లి ఉంటారు. "నీళ్ళు బాగానే ఉన్నాయి" అని రిపోర్టు! పైగా వాళ్ళు చూసేది మలంలో ఉండే బాక్టీరియాని. అది కనపడనంత మాత్రాన వైరసు లేదని కాదు.

నీళ్ళు పాడు చేస్తే అడగటం మనకు కొత్త కాదు. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు గేదెల మురికి నీళ్ళలో కలిపారు. ఇదేమిటని కత్తి చంద్రయ్య అడిగాడు. అడిగినందుకు కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు ఆరుగురు మాదిగలను నరికి చంపారు. ఆ రోజు చంద్రయ్య అడిగింది ఏమిటి? ఆరోగ్య శాఖ అడగాల్సిన ప్రశ్నే కదా! దళితులు వాడే నీళ్ళను ఇతరులు పాడు చేయటం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. గేదెలు కడిగినవాడి మీద కేసు పెట్టొచ్చు. కాలవ లోంచి గొట్టం వేయించిన కాంట్రాక్టరు మీద, బిల్లు పాసు చేసినవాడి మీద ఏ కేసు?

ఇక నెత్తురు దారి. ఆస్పత్రిలో సూదులు, గాజులు, నెత్తురు గుడ్డలు ఎత్తేది ఎవరు? కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్ళు. బి ఉన్న రోగికి వాడిన సూది టీకా లేనివాడికి గుచ్చుకుంటే, నూటికి ముప్పై మందికి దాకా అంటుకోవచ్చు. ఎండిన నెత్తురులో కూడా ఆ వైరసు వారం బతుకుతుంది. దీనికి టీకా ఉంది. 1997లో హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ తయారు చేసి చవగ్గా అమ్మింది. ఆస్పత్రి చెత్త ఎత్తే ప్రతి ఒక్కరికీ ఈ టీకా వేయించాలని 2016 నియమాల్లో రాసుంది. మూడు డోసులు. మీ ఊరి ఆస్పత్రిలో ఊడ్చే అక్కను అడగండి, కార్డు చూపిస్తుందేమో. జీతమే మూడు నెలలకొకసారి ఇచ్చే కాంట్రాక్టరు టీకా వేయిస్తాడా?

ఊళ్ళో సూదుల సంగతి కూడా మాట్లాడాలి. నీరసానికి సూది, జ్వరానికి సూది అని మనమే అడుగుతాం. 2009లో గుజరాత్ మొడాసాలో వాడిన సూదులే మళ్ళీ వాడి పదుల మందిని హెపటైటిస్ బి తో చంపారు. ఆరెంపీ అన్న మనవాడే కావచ్చు. అయినా సూది మన ముందే కవరు చించి తీయమని అడగాల్సిందే.

పసరు సంగతీ అంతే. ఏ, ఇ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరు పోసినవాడికొస్తుంది. చేతిమీద వాతలు పెడితే పుండు తప్ప ఏమీ రాదు. గర్భిణిని మాత్రం పసరుకని ఒక్క రోజు కూడా ఆపొద్దు. వాంతులు, మగత, తికమక మాటలు కనపడితే వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. బిడ్డ పుట్టిన 24 గంటల్లో బి టీకా వేయించాలి. బి, సి లకు పరీక్ష, మందులు 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సి కి చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమైపోతుంది. ఈ మాట గూడేల్లో ఎంతమందికి చెప్పారు?

కార్యకర్తలు ముందు చేయాల్సింది గొట్టం వెంట నడవటం. ట్యాంకు నుంచి చివరి కుళాయి దాకా నడిచి, మురుగు దాటే ప్రతి చోటూ రాసుకోండి, ఫోటో తీయండి. క్లోరిను కొలిచే క్లోరోస్కోపు పంచాయతీలో ఉంటుంది. ట్యాంకు దగ్గర కాదు, గూడెం చివరి కుళాయి దగ్గర, మన కళ్ళ ముందు కొలవమనండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. తగ్గితే తేదీతో రిజిస్టరులో రాయించి, నకలు తీసుకోండి. క్లోరిను ఉన్నంత మాత్రాన ఊరుకోవద్దు, ఢిల్లీ సంగతి చూశాం కదా, గొట్టం కాలవ లోంచి తీయించాలి. తీసేదాకా ట్యాంకరు పంపమని గ్రామసభలో తీర్మానం పెట్టండి. నీళ్ళు కాచి తాగమంటారు. మంచిదే, తెర్లితే వైరసు చస్తుంది. అయితే గూడెంలో ఉన్న గర్భిణుల పేర్లు ఆశా దగ్గర ఉంటాయి. ఆ ఇళ్ళకు గ్యాసు ఖర్చు పంచాయతీ పెట్టుకోవాలని కూడా అదే తీర్మానంలో రాయించండి.