స్కోరుబోర్డులో పేరు లేని ఆటగాడు

గత నెల ఎనిమిదో తరగతిలో రీడింగ్ ప్యాసేజ్ చెబుతుంటే 'అఫెన్సివ్ లైన్‌మ్యాన్' అనే మాట వచ్చింది. ముందు బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "మేడమ్, అఫెన్సివ్ అంటే మనసు నొప్పించేది అని మొన్న మీరే చెప్పారు కదా" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "లైన్‌మ్యాన్ అంటే కరెంటు స్తంభం ఎక్కే ఆయన మేడమ్. కరెంటు పోయిందని మా నాన్న ఫోన్ చేస్తే తిట్టి ఉంటాడు" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఇక్కడ అఫెన్స్ అంటే తిట్టడం కాదు, బంతి చేతిలో ఉండి దాడి చేసే పక్షం అని చెప్పాను. కానీ ఆ రెండో అబ్బాయి మాట నా మనసులో ఉండిపోయింది. కరెంటు లైన్‌మ్యాన్ మనకు ఎప్పుడు గుర్తొస్తాడు? కరెంటు పోయినప్పుడే. అమెరికన్ ఫుట్‌బాల్ లైన్‌మ్యాన్ సంగతీ అచ్చం అంతే.

ఆ ఆటలో ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అందరికీ హీరో. అతని ముందు ఐదుగురు భారీ మనుషులు వరుసగా నిలబడతారు. అవతలి జట్టు వాళ్లు దూసుకొచ్చి అతన్ని పడగొట్టకుండా అడ్డుకోవడమే వాళ్ల పని. సాధారణంగా, ముందుకు విసిరిన బంతిని పట్టుకునే అవకాశం కూడా నిబంధనలు వాళ్లకు ఇవ్వవు. పాయింట్ల పట్టికలో వాళ్ల పేరు దాదాపు ఉండదు. ఏదైనా తప్పు చేస్తే మాత్రం రిఫరీ మైకులో వాళ్ల జెర్సీ నంబరు చెప్పి పెనాల్టీ ప్రకటిస్తాడు. స్టేడియం మొత్తానికీ వాళ్లు వినిపించేది ఆ ఒక్కసారే.

అలాంటి ఒక లైన్‌మ్యాన్ గురించి తల్లిదండ్రులైన మీకు చెప్పాలనిపించింది. పేరు జో థామస్. ఊరు విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్రూక్‌ఫీల్డ్. ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు, బరువు దాదాపు 140 కిలోలు. 2007లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజున న్యూయార్క్ వేదిక మీదికి రమ్మని అతన్ని పిలిచారు. అతను వెళ్లలేదు. వాళ్ల నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పట్టడానికి వెళ్లాడు. పడవలో ఉండగానే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు మూడో ఎంపికగా అతన్ని తీసుకుంది.

అతనికి ఎడమ చివరి స్థానం ఇచ్చారు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి తిరిగితే ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనిపించడు. కనిపించని ఆ వైపును కాయడమే థామస్ ఉద్యోగం. ఈ ఆటలో మధ్యలో ఉన్నతను బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించడాన్ని స్నాప్ అంటారు. ఒక మ్యాచ్‌లో ఒక జట్టుకు ఇవి 60 పైచిలుకే ఉంటాయి. 2007లో ఆడిన మొదటి మ్యాచ్ నుంచి 2017 అక్టోబరు దాకా తన జట్టు చేతిలో బంతి ఉన్న ఒక్క స్నాప్‌కు కూడా థామస్ మైదానం వదలలేదు. వరుసగా 10,363 స్నాప్‌లు. ఆ లోపల జట్టులో దాదాపు 20 మంది క్వార్టర్‌బ్యాక్‌లు మారిపోయారు. అతను మారలేదు.

ఇంత చేస్తే జట్టు ఎన్ని కప్పులు గెలిచిందని మీరు అడగవచ్చు. ఒక్కటీ గెలవలేదు. అతను ఉన్న 11 సీజన్లలో బ్రౌన్స్ ఒక్కసారి కూడా ప్లేఆఫ్‌కు చేరలేదు. 2016లో 16 మ్యాచ్‌లకు ఒక్కటి గెలిచింది. 2017లో పదహారూ ఓడిపోయింది.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాను. జట్టు ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ 2016లోనే, లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ ఎంపిక థామస్‌కు వరుసగా పదోసారి దక్కింది. ఎడమ చేతి కండరం తెగిపోవడంతో ఆట ఆగింది. 2018లో రిటైరయ్యాడు. 2023లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. పాయింట్ల పట్టిక చూసి ఇవ్వలేదు, అందులో అతని పేరే లేదు కదా. మరి ఎలా తెలిసింది?

ఎవరో ఒకరు కూర్చుని చూశారు కాబట్టి తెలిసింది. ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. మ్యాచ్ అయ్యాక లైన్ కోచ్ వీడియో పెట్టుకుని ఒక్కో స్నాప్‌నూ ఆపి ఆపి చూస్తాడు. అడుగు సరిగ్గా పడిందా, చేతులు ఎక్కడ ఉన్నాయి అని ఒక్కొక్కదానికి గ్రేడు వేస్తాడు. జట్టు గెలిచినా ఓడినా ఆ పని జరగాల్సిందే. ఫలితం ఒక లెక్క, ఈ మనిషి ఈరోజు తన పని ఎలా చేశాడన్నది వేరే లెక్క.

మన దగ్గర ఆ రెండో లెక్క ఎవరు వేస్తున్నారు?

ఇంతకుముందు నేను పనిచేసిన స్కూల్లో ఒక పాప ఉండేది. ఆరో తరగతిలో తెలుగు మీడియం నుంచి వచ్చింది. మొదట్లో ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాయడానికి ఏడ్చేది. రోజుకో పేరా రాసి చూపించమన్నాను. రెండేళ్లు రాసింది. పండగ సెలవుల్లో కూడా రాసి తెచ్చింది. పాస్ మార్కులు రాని పాప 61కి వచ్చింది. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు తెరిచి, 27వ ర్యాంకు చూసి, "ఇంతేనా మేడమ్?" అని మూసేశారు. ఆయనను తప్పు పట్టను. అప్పు చేసి ఫీజు కట్టే మనిషి. ఆయన చేతికి మేమిచ్చింది ఆ ఒక్క అంకె. తప్పు నాది. ఆ పాప నోట్‌బుక్ నా బల్ల మీదే ఉంది. తీసి చూపించలేదు. "ఇంకా ఇంప్రూవ్ అవ్వాలి సార్" అని అందరికీ చెప్పే మాటే చెప్పాను. మర్నాటి నుంచి ఆ పాప పేరా రాయడం మానేసింది. అడిగితే, "ర్యాంకు రాలేదు కదా మిస్" అంది.

ర్యాంకు వద్దని నేను అనడం లేదు. ఈఏపీసెట్ ర్యాంకుతోనే సీటు వస్తుందని నాకూ తెలుసు. క్లీవ్‌లాండ్‌లోనూ ఓడినందుకు కోచ్‌ల ఉద్యోగాలు పోయాయి. ఫలితానికి విలువ ఉంది. కానీ ర్యాంకు చెప్పేది మీ పాప ముందు ఎంతమంది ఉన్నారన్నది. మీ పాప నిన్నటి నుంచి ఈరోజుకు ఎంత నడిచిందో అది చెప్పదు. పక్క పిల్లలు ఇంకా బాగా రాస్తే, ఎంత కష్టపడ్డా ర్యాంకు కదలదు. కదలలేదు కాబట్టి కష్టమే వృథా అని పిల్లలు అనుకుంటే, ఆ తర్వాత మనం ఎంత బతిమాలినా వాళ్లు పెన్ను పట్టుకోరు.

ఒక్క రోజూ మానకపోవడమే గొప్ప అని కూడా నేను చెప్పడం లేదు. అటెండెన్స్ సర్టిఫికెట్ కోసం 101 జ్వరంతో పిల్లల్ని బస్సెక్కించకండి. థామస్ కూడా కండరం తెగిన రోజున పక్కకు తప్పుకున్నాడు. దానివల్ల 10,363లో ఒక్కటీ తగ్గలేదు.

నేను అడిగేది చిన్న విషయం. వారానికి ఒకసారి, మార్కులు రాని రోజున, మీ పిల్లల నోట్‌బుక్ ఒకటి తెరవండి. జూన్ నెల పేజీ ఒకటి, ఈ నెల పేజీ ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. చేతిరాత, కొట్టివేతలు, సగంలో వదిలేసిన ప్రశ్నలు చదువుతో పనిలేకుండా కనిపిస్తాయి. మారినది ఏదైనా కనిపిస్తే అది మాత్రమే చెప్పండి, "ఇదివరకు సగమే రాసేవాడివి, ఇప్పుడు పూర్తి చేస్తున్నావు" అని. వెంటనే "మరి ర్యాంకు?" అనకండి.

ఈ నెల మీటింగ్‌లో మీరు ర్యాంకు అడగండి, దాచకుండా చెబుతాను. ఆ తర్వాత ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. ఈసారి నోట్‌బుక్కులన్నీ బల్ల మీద తీసి పెట్టి ఉంచుతాను.